వార్తాపత్రికలోనుండి వచ్చిన పాట

వార్తాపత్రిక ఆయువు ఒక్క దినము. తెల్లవారి కాఫీతోపాటు చేతికి వచ్చిన కాగితము మరునాటికి పచారి కొట్టులో పొట్లము కట్టుటకు పోవును. అందు ఒక యువకుని మరణమును, ఒక పురపాలక సంఘమువారి లెక్కయు, ఒక చలనచిత్రమును గూర్చిన ముచ్చటయు ఒకదాని ప్రక్కన ఒకటి నిలిచియుండును. చదువరి ఒకదానికి నిట్టూర్చి, మరియొకదానికి నవ్వి, కాగితము మడిచి తన పనికి పోవును. ఇందు అతని తప్పేమియు లేదు. లోకములోని దుఃఖమునంతటిని ప్రతి ఉదయమున మోయగలవారెవ్వరు? అయినను ఆ నిట్టూర్పునకును ఆ నవ్వునకును నడుమ మనస్సులో ఏదో ఒక వెలితి మిగులును. దానికి పేరు లేదు.

ఆ వెలితిని పాటగా చేసి వినిపించినవారు ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున పుట్టి పెరిగిన నలుగురు యువకులు: జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జి హారిసన్, రింగో స్టార్. బీటిల్స్ అను పేరుతో ఈ బృందము లోకప్రసిద్ధి పొందినది. పాట పేరు "ఎ డే ఇన్ ది లైఫ్". జీవితమున ఒక దినము అని దాని భావము. 1967 జూన్ 1వ తేదీన వెలువడిన "సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్" అను ఎల్.పి. రికార్డునందలి 13 పాటలలో ఇది చిట్టచివరిది. నిడివి సుమారు ఐదున్నర నిమిషములు. ఈ ఐదున్నర నిమిషముల వెనుక 1967 జనవరి, ఫిబ్రవరి మాసములలో జరిగిన శ్రమ యొక్క చరిత్ర ఉన్నది.

ఆనాటికి బృందము ఒక కూడలిలో నిలిచియుండెను. 1966 ఆగస్టు 29న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున వారు చేసిన కచేరి, జనులు టిక్కెట్టు కొని వచ్చిన వారి కచేరీలలో కడపటిది. వేలకొలది శ్రోతలు వేయు కేకలలో తాము పాడునది తమకే వినబడని స్థితి ఏర్పడియుండెను. ఇక ఊరూర తిరిగి కచేరీలు చేయరాదని వారు నిశ్చయించుకొనిరి. నెలలు గడచినను కొత్త రికార్డు రాకపోవుటచే, వారి పని ముగిసినదేమోయని పత్రికలు సందేహింపసాగెను. వేదికను విడిచిన గాయకునికి మిగులునదేమి? స్టూడియోయందలి నాలుగు గోడలును, ఒక టేపు యంత్రమును. ఆ రెంటితోనే పాటకు పూర్వమెరుగని రూపము నీయగలరా అనునదే అప్పుడు వారి యెదుట నిలిచిన పరీక్ష.

1967 జనవరి 17వ తేదీ "డెయిలీ మెయిల్" పత్రిక లెనన్ కంటబడెను. గిన్నెస్ కుటుంబపు సంపదకు వారసులలో ఒకడైన టారా బ్రౌన్ అను యువకుని మరణమునకు సంబంధించిన వార్త అందుండెను. 1966 డిసెంబరు 18న లండను వీథిలో జరిగిన కారు ప్రమాదమున అతడు గతించెను. వయస్సు 21 సంవత్సరములు. బీటిల్స్ బృందమువారికి అతడు పరిచితుడే. అదే పత్రికలో మరియొక చిన్న వార్త కలదు. లాంకషైర్ మండలములోని బ్లాక్‌బర్న్ పట్టణపు వీథులలో 4,000 గోతులున్నవనియు, జనసంఖ్యను బట్టి చూడగా తలకొక గోతిలో 26వ వంతు వచ్చుననియు అందలి సారాంశము. ఈ రెండు వార్తలకును తోడుగా లెనన్ స్వానుభవము ఒకటి చేరెను. 1966లో అతడు "హౌ ఐ వన్ ది వార్" అను చిత్రమున సైనికుని వేషము ధరించెను. చావు, యుద్ధము, గోతుల లెక్క: మూడును పత్రికలోవలెనే ప్రక్కప్రక్కన చేరి పాటకు చరణములైనవి.

లెనన్ కారు ప్రమాదమును ఉన్నదున్నట్లు వర్ణింపలేదు. అది మనస్సున మెదలుచుండగా వ్రాసితినని మాత్రము తరువాతి కాలమున చెప్పెను. ఏడ్పు గాని ఉపదేశము గాని ఆ పాటలో లేదు. వార్త చదువుచున్న మనిషి కంఠమే అందు వినబడును. ఆ కంఠమునందలి అలసటయే శ్రోతను కలచివేయును. గోతుల చరణమున ఒక చిక్కు వచ్చెను. ఆ గోతులకును లండనులోని ఆల్బర్ట్ హాలు అను సుప్రసిద్ధ సభాభవనమునకును ముడిపెట్టవలెనని లెనన్ తలచెను గాని, తగిన క్రియాపదము దొరకలేదు. హాలును గోతులేమి చేయును? "నింపును" అని ఒక మిత్రుడు అందించెను. ఒక్క క్రియతో వాక్యము నిలిచినది. వ్యాకరణము బోధించువారికి ఈ చిన్న విషయము ముచ్చట గొలుపకపోదు.

అయినను పాట సగమే అయినది. మెకార్ట్నీ వద్ద వేరొక తునక ఉండెను. ఒక బాలుడు ఆలస్యముగా నిద్రలేచి, తల దువ్వుకొని, పరుగున పోయి బస్సు నందుకొనుట దాని విషయము. అది అతని లివర్‌పూల్ బడి దినముల జ్ఞాపకము. దానికి మొదలును లేదు, తుదియును లేదు. లెనన్ చరణములు మరణమును గూర్చినవి. మెకార్ట్నీ తునక బడికి వేళ మించిన బాలుని తొందర. ఈ రెంటిని ఒక చోట చేర్చవలెనని ఇరువురును తలచిరి. ఎట్లు చేర్చవలెనో మాత్రము ఇరువురికిని తెలియదు.

అచ్చట వారు చేసిన పని గమనింపదగినది. తెలియనిచోట తెలిసినట్లు ఏదియో ఒకటి అతుకుపెట్టలేదు. జనవరి 19వ తేదీ రాత్రి లండను అబ్బే రోడ్డులోని ఇ.ఎం.ఐ. స్టూడియోలో ధ్వనిముద్రణము ప్రారంభించినప్పుడు, రెండు భాగముల నడుమ 24 బార్లు ఖాళీగా విడిచిరి. పాశ్చాత్య సంగీతమున బార్ అనునది మన తాళమునందలి ఆవర్తము వంటి కాలప్రమాణము. ఆ ఖాళీలో పియానోపై ఒక తీరుగా లయ మాత్రము నడచుచుండెను. లెక్క తప్పకుండుటకై మాల్ ఎవాన్స్ ఒకటి, రెండు అని 24 వరకు పైకి లెక్కించెను. అతడు గాయకుడు కాడు. బృందమువారి సామగ్రిని మోసి, వారి అవసరములన్నియు కనిపెట్టి చూచు సహాయకుడు. లెక్క సాగినకొలది అతని కంఠమునకు ప్రతిధ్వని హెచ్చగునట్లు చేసిరి. 24వ బారు ముగిసిన గుర్తుగా ఒక అలారం గడియారము మ్రోగెను. ఆ పిమ్మట చేర్చిన మెకార్ట్నీ భాగము ప్రారంభమగునది నిద్ర మేల్కొనుటతోనే. గుర్తుకై మ్రోగించిన గంట అర్థమునకు అతికినట్లు సరిపోయినది. దానిని తీసివేయక పాటలోనే ఉంచిరి.

ఖాళీని నింపుట యెట్లు? శూన్యమునుండి పుట్టి, పెరిగి పెరిగి, లోకాంతమువలె తోచు నాదము కావలెనని లెనన్ కోరెను. పెద్ద వాద్యబృందముచే దానిని సాధింపవచ్చునని మెకార్ట్నీ భావించెను. ఆ కోరికను కాగితముపై పెట్టు భారము నిర్మాత జార్జి మార్టిన్‌పై పడెను. మార్టిన్ లండనులోని గిల్డ్‌హాల్ సంగీత పాఠశాలలో శాస్త్రీయముగా చదువుకొన్నవాడు. అతడు ప్రతి వాద్యమునకును 24 బార్ల మొదట ఆ వాద్యము పలుకగల మిక్కిలి క్రింది స్వరమును, కడపట ఇ మేజర్ స్వరమేళమునకు సమీపమైన పై స్వరమును వ్రాసెను. నడుమ ఒక వంకర గీత గీసి, ఏ బారునకు సుమారెంత యెత్తునకు చేరవలెనో గుర్తులు పెట్టెను. మిగిలినదంతయు వాయించువారి ఇష్టము.

ఫిబ్రవరి 10వ తేదీ రాత్రి 40 మంది వాద్యకారులు వచ్చిరి. లండనులోని గొప్ప వాద్యబృందములలో ఆరితేరినవారు వారు. ప్రక్కవాని వాద్యమును వినుచు, అతనితో ఏకమై వాయించుటయే వారు జన్మమంతయు నేర్చిన విద్య. ఆ రాత్రి మార్టిన్ వారికి చెప్పినది దానికి సరిగా విరుద్ధము: ప్రక్కవానిని వినవద్దు, ఎవరి దారిన వారు పైకెక్కుడు. పెద్దలగు విద్వాంసులకు ఇది మింగుడుపడుట సులభము కాదు. వారిని నిండు దుస్తులలో రమ్మని కోరి, వచ్చిన పిదప కాగితపు టోపీలు, బొమ్మ ముక్కులు పంచిపెట్టిరి. వయొలిన్ వాద్యకారులకు నాయకుడైన విద్వాంసుడు చేతికి గొరిల్లా పంజా తొడుగుకొని వాయించెను. ఇది కేవలము వేడుక కాదు. బిగిసిన క్రమశిక్షణ ఒక గడియసేపు సడలినగాని ఆ నాదము పుట్టదు. అయితే ఆ సడలింపునకు హద్దు కలదు. క్రింది స్వరమును, పై స్వరమును, 24 బార్ల లెక్కయు ఎవ్వరును మీరరాదు. ఆ హద్దే లేకున్నచో వినబడునది సంగీతము కాక గందరగోళము అయియుండెడిది.

యంత్రముల ఇబ్బంది వేరు. ఆనాడు ఆ స్టూడియోలో ఉన్న టేపు యంత్రములపై నాలుగు వరుసలు మాత్రమే విడివిడిగా ముద్రింపవచ్చును. గాత్రముతోను, పియానో, గిటారు, డ్రమ్ములతోను ఆ వరుసలు నిండిపోయినవి. వాద్యబృందమునకు రెండవ యంత్రము కావలసివచ్చెను. రెండు యంత్రములు ఒకే వేగమున నడువనిచో పాట చెడును. కెన్ టౌన్సెండ్ అను ఇంజనీరు మొదటి టేపుపై ముద్రించిన ఒక విద్యుత్సంకేతముచే రెండవ యంత్రపు మోటారు వేగమును అదుపుచేయు ఉపాయము కనిపెట్టెను. వాద్యబృందమును నాలుగు మార్లు ముద్రించి కలుపుటచే 40 మంది 160 మందివలె వినవచ్చిరి.

ఇక ముగింపు. ఆ మహానాదము శిఖరమునకు చేరినపిదప ఏమి వినబడవలెను? ఫిబ్రవరి 10వ తేదీ రాత్రియే అందరును కలిసి ఒక శ్రుతిని నోటితో పలికి చూచిరి. అది అంతటి నాదమును మోయజాలకపోయెను. ఫిబ్రవరి 22న లెనన్, మెకార్ట్నీ, రింగో, ఎవాన్స్ మూడు పియానోల యెదుట చేరి, ఇ మేజర్ స్వరమేళమును ఒక్కమారుగా గట్టిగా మీటిరి. అందరును ఒక్క క్షణమున మీటుట కుదరక తొమ్మిది మార్లు ప్రయత్నింపవలసివచ్చెను. దానిపై మరల కొన్ని పొరలు చేర్చిరి. మార్టిన్ వాయించిన హార్మోనియము అందొకటి. నాదము క్షీణించుచుండగా ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ ముద్రణ స్థాయిని మెల్లమెల్లగా పెంచుచు పోయెను. అప్పటికి ఎమెరిక్ వయస్సు 21 సంవత్సరములు. ఆ విధముగా నాదము 40 సెకండ్లకు పైగా నిలిచినది. స్థాయి అంతగా పెంచుటచే, కడపట స్టూడియోలో ఎవరో కదలగా కుర్చీ కిర్రుమన్న సవ్వడి కూడ రికార్డున పడినది.

1967 మే మాసమున, రికార్డు వెలువడుటకు కొలది దినములు ముందే, బి.బి.సి. రేడియోవారు ఈ పాటను ప్రసారము చేయరాదని నిర్ణయించిరి. అందలి ఒక మాట మాదకద్రవ్యములను ప్రోత్సహించునట్లున్నదని వారి ఆక్షేపణ. తరువాతి కాలమున ఆ నిషేధము తొలగినది. లెనన్ 1980లో హంతకుని గుండునకు బలియయ్యెను. అతడు స్వహస్తముతో ఈ పాట వ్రాసికొన్న కాగితము 2010లో న్యూయార్కునందలి వేలమున 12 లక్షల డాలర్లకు అమ్ముడుపోయినది. ఏనాటి పత్రికనుండి ఆ పాట పుట్టినదో ఆ పత్రిక ప్రతులు మరునాటికే చిత్తు కాగితములై యుండును.

పిల్లలచే వ్యాసములు వ్రాయించు ఉపాధ్యాయులు ఒక సంగతి ఎరుగుదురు. ముందేమి వ్రాయవలెనో తోచనిచోట బాలుడు చేతికి వచ్చిన పెద్ద మాటలతో పుట నింపును. ఆ పుట నిండును గాని వ్యాసము నిండదు. బీటిల్స్ ఈ పాట విషయమున అట్లు చేయలేదు. తోచనిచోట ఖాళీ విడిచిరి. విడిచిన ఖాళీని ఒక సామాన్యునిచే తప్పకుండ లెక్కింపించిరి. తగినది దొరకువరకు మూడు వారములు వేచియుండిరి. మృతుని వార్తకును బస్సు నందుకొను బాలునికిని నడుమ మాటలతో వంతెన కట్టియుండినచో అది అబద్ధమై తోచెడిది. మాటలకు అందని ఆ వెలితి 40 వాద్యముల నాదమై అక్కడ నిలిచినది.

లెక్కించిన మాల్ ఎవాన్స్ 1976లో మరణించెను. వాద్యబృందము వచ్చి ఖాళీని నింపినపిదప అతని కంఠముతో పనిలేకపోయెను. అయినను అది పూర్తిగా చెరిగిపోలేదు. ఆ నాదము పైకెక్క మొదలిడు చోట చెవియొగ్గి విన్నవారికి, వాద్యముల అడుగున, అంకెలు లెక్కించుచున్న ఒక మనిషి గొంతు నేటికిని వినబడును.