దుబాయి ఎంత దూరం? ఎన్ని గంటలు?

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు పల్లెల్లో దుబాయి పేరు తెలియనివాళ్లు ఉండరు. ఒక ఇంట్లో భర్త పోయాడు. ఇంకో ఇంట్లో కొడుకు పోయాడు. అక్కడ ఇంటిపనికి పోయే అక్కచెల్లెళ్లు కూడా ఉన్నారు. చాలామంది అప్పు చేసి విమానం టికెట్టు కొంటారు. ఆ టికెట్టు మీది అంకెలు చదవడం మనం నేర్చుకుందాం.

దూరం ఎంత?

హైదరాబాదు నుంచి విజయవాడకు రోడ్డు మీద సుమారు 275 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి దుబాయికి ఆకాశమార్గాన సుమారు 2,550 కిలోమీటర్లు. అంటే తొమ్మిది రెట్లకు పైనే! మధ్యలో అరేబియా సముద్రం ఉంది.

ఎంతసేపు పడుతుంది?

విమానం గంటకు 800 కిలోమీటర్లకు పైగా పోగలదు. ఆ లెక్కన మూడు గంటలు చాలు కదా అనిపిస్తుంది. కాని పైకి లేచేటప్పుడు, కిందికి దిగేటప్పుడు వేగం తక్కువ. నేల మీద కూడా కొంతసేపు నడుస్తుంది. అన్నీ కలిపితే సుమారు 4 గంటలు. తిరిగి వచ్చేటప్పుడు తరచుగా కొంచెం తక్కువే పడుతుంది. ఎందుకంటే ఏడాదిలో చాలా నెలలు, అంత ఎత్తున గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. మన వైపు వచ్చే విమానాన్ని ముందుకు నెడుతుంది.

గడియారాలు వేరు

దుబాయి మనకు పడమరన ఉంది. మనకు పొద్దు పొడిచాక గాని అక్కడ పొడవదు. అందుకే దుబాయి గడియారం మనకంటే గంటన్నర వెనక ఉంటుంది. అక్కడ రాత్రి 9 గంటలైతే మనకు పదిన్నర. ఫోను చేసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

టికెట్టు మీద ఏ ఊరి దగ్గర ఆ ఊరి టైమే రాస్తారు. ఉదాహరణకు, హైదరాబాదులో 4:00కు బయలుదేరి, దుబాయిలో 6:30కు దిగుతుందని ఉంది అనుకోండి. ప్రయాణం రెండున్నర గంటలు కాదు. గంటన్నర కలపాలి. అప్పుడు 4 గంటలు అవుతుంది.

తేదీ జాగ్రత్త!

అసలు మోసపోయేది ఇక్కడే. రాత్రి 12 దాటితే తేదీ మారుతుంది. టికెట్టు మీద 15వ తేదీ 01:20 అని ఉంటే, అది 14వ తేదీ రాత్రి పడుకుంటే వచ్చే అర్ధరాత్రి. 15వ తేదీ రాత్రి అనుకుని పోతే విమానం వెళ్లిపోయి ఉంటుంది. టికెట్టు డబ్బులూ పోవచ్చు.

విమానానికి 3 గంటల ముందే విమానాశ్రయంలో ఉండాలి. 2008 నుంచి హైదరాబాదు విమానాశ్రయం శంషాబాదులో ఉంది. 01:20 విమానానికి 14వ తేదీ రాత్రి 10:20కే అక్కడికి చేరాలి. జగిత్యాల వైపు నుంచి వచ్చేవాళ్లు ఆ మధ్యాహ్నమే ఇల్లు కదలాలి. చూశారా? విమానంలో 4 గంటలే. కాని ఇంటి నుంచి లెక్కేస్తే దాదాపు ఒక రోజు!

టికెట్టు మీద 13 అంటే మధ్యాహ్నం 1 గంట. 22 అంటే రాత్రి 10 గంటలు. 12 కంటే పెద్ద అంకె ఉంటే అందులో 12 తీసెయ్యాలి.

మీరే లెక్క కట్టండి

మీ అబ్బాయి 20వ తేదీ 22:00కు దుబాయిలో విమానం ఎక్కాడు. అప్పుడు మన గడియారంలో ఎంత? రాత్రి పదకొండున్నర. మరి అతను హైదరాబాదులో దిగేది ఏ తేదీన? ఎదురు వెళ్లేముందు అది చెప్పండి.