గాలికి ఎదురు నడిచే పడవ

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఇప్పుడు ఒకే కాలువ ఊళ్లు. మల్యాల దగ్గర శ్రీశైలం జలాశయం నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు హంద్రీ-నీవా కాలువలో వందల కిలోమీటర్లు నడిచి, పుంగనూరు ఉపకాలువ మీదుగా మన వైపు వస్తాయి. అక్కణ్ణించి ఇంకో పాయ కుప్పం ఉపకాలువగా దక్షిణానికి మళ్లుతుంది. 2025 ఆగస్టులో ఆ నీళ్లు కుప్పం చేరాయి. చెరువులో నీళ్లంటే మనకు వెంటనే తట్టేవి మడి, బోరు, చేప. పడవ తట్టదు. తెరచాప పడవ అసలే తట్టదు, అది సముద్రం పక్కనున్న వాళ్ల సంగతి అనుకుంటాం. ఆ అనుకోవడం సరికాదని చెప్పడానికే ఈ వ్యాసం.

ఈ నీళ్లు బయల్దేరే కృష్ణ మీద చేపలు పట్టేవాళ్లు పుట్టిలో తిరుగుతారు. కుప్పం నుంచి హొగేనకల్ వెళ్లినవాళ్లు కావేరిలో పరిసల్ ఎక్కి ఉంటారు, అదీ ఇదే. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, అడుగున నీళ్లు దిగకుండా పట్ట కప్పిన పుట్టికి ముందూ లేదు, వెనకా లేదు. ఏ దిక్కుకు నెట్టినా నీళ్లు దాన్ని ఒకేలా అడ్డుకుంటాయి. లోతు తక్కువున్న చోట, బండల మధ్య అంత తెలివైన పడవ ఇంకోటి లేదు. కానీ దానికి తెరచాప కడితే ఏమవుతుంది? గిర్రున తిరుగుతూ గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోతుంది. గాలి వచ్చే దిక్కుకు మాత్రం ఒక్క గజం కూడా పోలేదు.

తెరచాప పడవ పోగలదు. ఇందులోని వింతంతా అదే. గాలి నైరుతి నుంచి వీస్తుంటే, ఆ గాలి బలంతోనే నైరుతి గట్టుకు చేరవచ్చు. దీనికి కారణం తెరచాప ఒక్కటే కాదు, సగం కారణం నీళ్ల కింద ఉంది. చిన్న పడవ మధ్యలో ఒక గాడి ఉంటుంది. ఆ గాడిలోంచి ఒక సన్నటి పలకను నిలువుగా నీళ్లలోకి దించుతారు. పడవ పొడవునా ముందుకు పోయేటప్పుడు ఈ అడుగు పలక నీళ్లను కత్తిలా కోసుకుంటూ పోతుంది. పడవ పక్కకు జరగబోతే మాత్రం వెడల్పుగా అడ్డం నిలబడుతుంది. పుట్టికి లేనిది ఇదే.

తడి చింతగింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే చటుక్కున ముందుకు ఎగురుతుంది. రెండు వేళ్లూ నొక్కింది పక్కల నుంచే, గింజ పోయింది మాత్రం ముందుకు. పడవను నొక్కే ఒక వేలు గాలి, రెండో వేలు నీళ్లు. తెరచాప మీద గాలి పక్కకు తోస్తుంది, అడుగు పలక మీద నీళ్లు అటునుంచి తిరిగి తోస్తాయి. పక్కవాటు బలాలు రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకోగా, మిగిలిన కొంచెం ముందువాటు బలం పడవను నడిపిస్తుంది. ఆ కొంచెమే చాలు, ఎందుకంటే ముందుకు పోయే పడవకు నీళ్లు చాలా తక్కువగా అడ్డుపడతాయి.

గాలి తెరచాపను ఎలా తోస్తుంది? తెరచాప చదునైన గుడ్డ కాదు. గాలి నిండితే వంపు తిరిగేలా దాన్ని కత్తిరించి కుడతారు. ముందు అంచు దగ్గర తగిలిన గాలి ఆ వంపు వెంబడి పారి, దిక్కు మార్చుకుని వెనక అంచు నుంచి బయటపడుతుంది. గాలి దిక్కును తెరచాప మార్చింది కాబట్టి, న్యూటన్ మూడో సూత్రం ప్రకారం గాలి తెరచాపను ఎదురు దిక్కుకు తోస్తుంది. వంపు బయటివైపు గాలి వేగం పెరిగి ఒత్తిడి తగ్గడం, లోపలివైపు ఒత్తిడి పెరగడం ఇదే సంగతికి ఇంకో ముఖం. విడిపోయిన గాలి పాయలు రెండూ ఒకే సమయానికి వెనక అంచు దగ్గర కలవాలి కాబట్టి బయటి పాయ వేగంగా పోతుందని కొన్ని పుస్తకాల్లో కనిపించే వివరణ తప్పు. అవి అలా కలవనక్కర్లేదు, నిజానికి కలవవు కూడా. విమానం రెక్క, మన సీమ గుట్టల మీద తిరిగే గాలిమరల రెక్క, పడవ తెరచాప మూడూ పనిచేసేది ఈ ఒక్క సూత్రం మీదే.

ఎంత బలం వస్తుందో లెక్క చూద్దాం. ప్రపంచమంతటా వాడే, ఒక్కరే నడిపే లేజర్ అనే పడవ 4.2 మీటర్ల పొడవు ఉంటుంది. తెరచాప సుమారు 7 చదరపు మీటర్లు. గంటకు 18 కిలోమీటర్ల గాలిలో ఆ తెరచాప మీద పడే బలం సుమారు 12 కిలోల బరువుతో సమానం. గాలి వేగం రెట్టింపై 36 అయితే బలం రెట్టింపు కాదు, నాలుగింతలై 50 కిలోల దగ్గరికి పోతుంది. బలం గాలి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే చిన్న విసురు కూడా పడవను ఒక్కసారిగా ఒరగదోస్తుంది. మదనపల్లె సముద్ర మట్టానికి 700 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడి గాలి కోస్తా గాలికన్నా ఆరేడు శాతం పలచన, కాబట్టి అదే వేగానికి తోపు కూడా అంతే తగ్గుతుంది. నేర్చుకునేవాళ్లకు ఆ తేడా తెలియను కూడా తెలియదు.

నేరుగా గాలి ముఖంలోకి మాత్రం ఏ తెరచాపా పోలేదు. గాలికి అటూ ఇటూ దాదాపు 45 డిగ్రీల మేర పడవకు దారి లేదు. ఆ మేరలోకి తిప్పితే తెరచాప పటపటమని కొట్టుకుంటుంది, పడవ ఆగిపోతుంది. అందుకని వంకరటింకరగా పోవాలి. కొంతసేపు గాలిని ఎడమ చెంపకు పెట్టుకుని, తర్వాత పడవ ముక్కును గాలి మీదుగా తిప్పి కుడి చెంపకు పెట్టుకుని పోతే, కిలోమీటరు దూరంలోని గట్టుకు సుమారు 1.4 కిలోమీటర్లు నడిచి చేరుతుంది. ఆ మలుపులోనే తెరచాప కింది అడ్డకొయ్య ఈ పక్క నుంచి ఆ పక్కకు వస్తుంది. తల వంచాలని మొదటి రోజే నేర్పేది అందుకే.

గాలిని వెనక పెట్టుకుని పోతేనే వేగం ఎక్కువని చాలామంది అనుకుంటారు. లెక్క ఇంకోలా చెబుతుంది. 18 కిలోమీటర్ల గాలిని వెనక పెట్టుకుని పడవ 8 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, తెరచాపకు తగిలేది 10 కిలోమీటర్ల గాలే. బలం మూడో వంతుకు పడిపోతుంది. అదే గాలిని పక్కనుంచి తీసుకుంటే, పడవ తన నడకతో పుట్టించుకున్న ఎదురుగాలి కూడా కలిసి దాదాపు 20 కిలోమీటర్ల గాలి తగులుతుంది. బలం ఐదో వంతు పెరుగుతుంది. పడవ పరుగెత్తిన కొద్దీ గాలి పెరుగుతుంది, పెరిగిన గాలి పడవను ఇంకా పరుగెత్తిస్తుంది. తెరచాప తాడు చేతిలో బిగుసుకుని, అడుగున నీళ్లు గలగలమనడం మొదలయ్యేది అప్పుడే. ఇంజన్ లేదు, చమురు లేదు, చప్పుడంతా నీళ్లదీ గాలిదీ. ఆ ఆనందం ఎరిగినవాళ్లు మళ్లీ మళ్లీ నీళ్ల దగ్గరికి ఎందుకు పోతారో నేను వేరే చెప్పనక్కర్లేదు.

సముద్రం లేని ఊళ్లో ఇదంతా సాధ్యమా అంటే, హైదరాబాద్ వైపు చూడాలి. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 16వ శతాబ్దంలో కట్టిన హుస్సేన్‌సాగర్ కూడా ఒకనాటి చెరువే. అక్కడ సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ ఎంతోకాలంగా పడవలు నడుపుతోంది. 2009లో సుహీమ్ షేక్ మొదలుపెట్టిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఇంకో అడుగు ముందుకు వేసింది. ఖరీదైన ఆటగా పేరుపడ్డ దీన్ని ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు, పేదింటి పిల్లలకు నేర్పింది. అక్కడ తయారైన కొంగర ప్రీతి, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సుధాంశు శేఖర్‌తో కలిసి 470 తరగతిలో భారత్ తరఫున పోటీ చేసింది. ఆ పడవ పొడవు 4.70 మీటర్లు, పేరు దాన్ని బట్టే వచ్చింది. అదే క్రీడల్లో లేజర్ తరహా పడవ మీద కాంస్యం గెలిచిన విష్ణు శరవణన్ వేలూరులో పుట్టాడు. మన కుప్పం సీమ దాటి తమిళనాట అడుగుపెట్టే పాలారు ఒడ్డు ఊరే అది. విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య మరో నలుగురు నౌకాదళ మహిళా అధికారులతో కలిసి 2017 సెప్టెంబరులో గోవా నుంచి తారిణి అనే తెరచాప పడవ మీద బయల్దేరి, భూమిని చుట్టి 2018 మేలో తిరిగొచ్చారు.

పిల్లలు మొదట ఎక్కేది ఆప్టిమిస్ట్. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ ప్లైవుడ్‌తో చేసిన పడవ అది, మొద్దు ముక్కుతో పెట్టెలా ఉంటుంది. పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. ఒక చేతిలో చుక్కాని పిడి, ఇంకో చేతిలో తెరచాప తాడు, అంతే. తాడు బిగిస్తే తెరచాప లోపలికి వస్తుంది, వదిలితే బయటికి పోయి గాలి జారిపోతుంది. భయమేస్తే తాడు వదిలెయ్యమని గురువులు చెప్పేది ఇందుకే. తర్వాత నేర్చేది పడవ తిరగబడితే లేపడం. కావాలనే బోర్లా వేయించి, పైకి తేలిన అడుగు పలకను పట్టుకుని ఒళ్లు బరువుతో లాగి నిలబెట్టమంటారు. ఒకసారి లేపిన పిల్లకు నీళ్ల భయం సగం పోతుంది.

అసలు చదువు ఆ తర్వాత మొదలవుతుంది, అది గాలిని చదవడం. తెరచాపకు అతికించిన ఊలు దారాలు రెండు పక్కలా సాఫీగా వెనక్కు పారుతుంటే గాలి సరిగ్గా అంటుకుని పారుతున్నట్టు. ఒక పక్క దారం ఎగిరెగిరి పడుతుంటే అక్కడ గాలి చెదురుతోంది. నీళ్ల మీద ముదురు రంగు మచ్చలా సన్నటి అలల ముద్ద మనవైపు కదిలి వస్తుంటే అది విసురు. వచ్చేలోపే అంచు మీద కూర్చుని వెనక్కు వాలడానికి సిద్ధమవ్వాలి. కళ్లంలో తూర్పారబట్టిన పెద్దలకు గాలివాటం చూడటం కొత్త విద్య కాదు.

మన చెరువుల్లో గాలి హుస్సేన్‌సాగర్‌ గాలికన్నా గడుసుది. ఆషాఢంలో నైరుతి గాలి జోరుగా వీస్తుంది, కానీ గుట్టల వెనక సుడులు తిరుగుతుంది. కట్టకు దగ్గరగా ఒక తీరు, నడి చెరువులో ఒక తీరు. ఇలాంటి గాలిలో నేర్చినవాళ్లు ఎక్కడైనా నెగ్గుకొస్తారని నా నమ్మకం. కానీ చెరువు కూడా అందుకు తగినదై ఉండాలి. అడుగు పలక తగలకుండా కనీసం మనిషి నడుము దాటిన లోతు కావాలి. తుమ్మ మొద్దులు, గుర్రపుడెక్క, చేపల వలలు అడ్డం ఉండకూడదు. చేపల సంఘం వాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. ఒంటి మీద లైఫ్‌జాకెట్, తోడుగా ఒక కాపలా పడవ, ఈత వచ్చిన పెద్ద మనిషి లేకుండా పిల్లలెవరూ నీళ్లలో దిగకూడదు. ఏటా చెరువుల్లో పోతున్న పిల్లల్ని చూసిన ప్రాంతం మనది, ఈ మాటలో రాజీ లేదు.

ఇంకొక చిక్కు కాలానిది. గాలి జోరుగా ఉండే జూన్, జూలై నెలల్లో మన చెరువులు అడుగంటి ఉంటాయి. అక్టోబరు, నవంబరు వానలకు చెరువులు మరవ పోయేటప్పటికి నైరుతి గాలి వెళ్లిపోయి, ఈశాన్యపు గాలి తుపానులతో కలిసి ఎప్పుడెలా ఉంటుందో తెలియని కాలం వస్తుంది. శ్రీశైలం సాధారణంగా ఆగస్టు నాటికి నిండుతుంది. ఆ నీళ్లు కాలువ వెంట వచ్చి ఒక్క చెరువు నింపినా, సెప్టెంబరు నెలాఖరు దాకా నీళ్లూ నైరుతి గాలీ ఒకేచోట దొరికే కొన్ని వారాలుంటాయి. రెండు ఆప్టిమిస్టులతో ఒక బడి పిల్లలకు మొదటి పాఠాలు చెప్పడానికి ఆ వారాలు సరిపోతాయి.