మోకు: పేటెంటు లేని యంత్రం

తాటిచెట్లు కల్లు పారే రోజుల్లో తెలంగాణ జిల్లా పేజీల్లో ఒక చిన్న వార్త మళ్ళీ మళ్ళీ వస్తుంది. మోకు జారి గీత కార్మికుడికి తీవ్ర గాయాలు. నాలుగే వాక్యాలు: ఊరు, వయసు, ఎన్ని గంటలకు జరిగింది, ఏ ఆస్పత్రికి తరలించారు. మోకు ఎలా పనిచేస్తుందో, ఎందుకు జారుతుందో, జారకుండా చేయడానికి ఇంతకాలం ఎందుకు పట్టిందో ఆ నాలుగు వాక్యాల్లో ఇమడదు. మోకు ఒక యంత్రం. దాన్ని కనిపెట్టినవాళ్ళ పేరు ఏ పుస్తకంలోనూ లేదు. అయినా దానికి పుట్టుక, పని, లోపం, వారసులు అన్నీ ఉన్నాయి. మిగతా యంత్రాలకు రాసినట్టే దానికీ ఒక చరిత్ర రాయాలి.

మోకు అంటే చెట్టునూ మనిషినీ కలిపి చుట్టే బంధం. నారతో పేనినవీ ఉన్నాయి, తోలుతో చేసినవీ ఉన్నాయి, ఇప్పుడు నైలాన్‌వీ వచ్చాయి. నడుం వెనక నుంచి వచ్చి చెట్టు అవతలి పక్కన తిరుగుతుంది. పాదాలను దగ్గరగా ఉంచడానికి గుజి అనే చిన్న బంధం. ఎక్కేవాడు మోకాళ్ళు మడిచి, నడుమును వెనక్కి వాలుస్తాడు. వాలగానే మోకు చెట్టును అవతలి నుంచి లోపలికి లాగుతుంది, పాదాలు ఇవతలి నుంచి నొక్కుతాయి. ఈ రెండు ఒత్తిళ్ళ వల్ల పుట్టే రాపిడే మనిషి బరువును మోస్తుంది. తర్వాత చేతులతో చెట్టును పట్టుకుని నడుమును దగ్గరికి తెస్తాడు, మోకు వదులవుతుంది, దాన్ని ఒక్క విసురుతో పైకి జరిపి మళ్ళీ వాలతాడు.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఒకటుంది. లెక్క వేసి చూస్తే మనిషి బరువు అందులోంచి కొట్టుకుపోతుంది. బరువు పెరిగితే కిందికి లాగే బలం పెరుగుతుంది, అదే నిష్పత్తిలో ఒత్తిడీ, దానితో రాపిడీ పెరుగుతాయి. కాబట్టి బక్కవాడు నిలుస్తాడు, బొద్దువాడు జారతాడు అన్నది లేదు. నిలబెట్టేవి మూడే: నడుము చెట్టుకు ఎంత దూరంగా ఉంది, పాదాలకూ మోకుకూ మధ్య ఎత్తు ఎంత తక్కువగా ఉంది, చెట్టు బెరడు ఎంత గరుకుగా ఉంది. భయపడి చెట్టును కావిలించుకుంటే మొదటి దూరం తగ్గిపోతుంది. అంటే కొత్తవాడి శరీరం ప్రాణభయంతో ఏం చేయమంటుందో సరిగ్గా అదే అతన్ని జార్చేస్తుంది. అనుభవమున్న గౌడన్న శూన్యంలోకి వాలేది ధైర్యం చూపడానికి అనుకోకండి. వాలు తగ్గితే పట్టు తగ్గుతుందని అతని ఒంటికి తెలుసు. వాన పడి బెరడు నానితే మూడోదైన గరుకు పోతుంది, అప్పుడు ఇంకా ఎక్కువ వాలాలి.

వానలో ఎక్కకుండా ఉండొచ్చు కదా అని అడిగేవాళ్ళుంటారు. చెట్టు ఒప్పుకోదు. కల్లు గెల కోతలోంచి వస్తుంది, ఆ కోత చెట్టుకు గాయం. పలచగా ఒక పొర తీస్తే రసం కారుతుంది, కొన్ని గంటలకు గాయం మూసుకుపోవడం మొదలవుతుంది. అందుకే పొద్దునా సాయంత్రమూ మళ్ళీ ఎక్కి మళ్ళీ పొర తీయాలి. రోజులు వదిలేస్తే గెల ఎండుతుంది, ఆ చెట్టు మీది రాబడి పోతుంది. మగవైన పోతుతాళ్ళు, ఆడవైన పండుతాళ్ళు వంతులవారీగా పారుతుంటే, ఒక్కో మనిషి పూటపూటా చెట్టు తర్వాత చెట్టు ఎక్కుతూనే ఉంటాడు. చేయి అలసిన ఆఖరి చెట్టు దగ్గర కూడా అదే వాలు, అదే విసురు ఉండాలి.

బూట్లకు ఇనుప మేకులు కట్టుకుని ఎక్కితే జారరు కదా అన్నది ఇంకో ప్రశ్న. పాశ్చాత్య దేశాల్లో నరికేయబోయే చెట్లను అలాగే ఎక్కుతారు. కానీ తాటి, కొబ్బరి, ఈత, జీలుగు ఏకదళబీజాలు. వేపకో చింతకో బెరడు కింద ఉండే, గాయాన్ని కొత్త కలపతో కప్పేసే పొర వీటికి లేదు. తాటి మాను మీద చేసిన గుంట చెట్టు బతికినన్నాళ్ళూ గుంటగానే ఉంటుంది, నీరు నిలుస్తుంది, బూజు చేరుతుంది. ఏళ్ళ తరబడి పూటపూటా ఎక్కాల్సిన చెట్టుకు మేకులు పనికిరావు. మోకు మానును నొక్కుతుందేగాని తొలచదు. అది ఇంతకాలం నిలవడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

ఇక లోపం. మోకు ఎక్కడానికి చేసిన పనిముట్టు, పడకుండా ఆపడానికి చేసింది కాదు. పాదాలు పట్టు తప్పిన క్షణంలో నడుము చెట్టు వైపు ఊగుతుంది, వాలు పోతుంది, వాలుతోపాటు ఒత్తిడి పోతుంది, మోకు వట్టి తాడవుతుంది. కాలు పట్టు నిలిస్తేనే మోకు పట్టు నిలుస్తుంది. 15 మీటర్ల ఎత్తు నుంచి నేలకు చేరడానికి రెండు సెకన్లు పట్టదు. తగిలేటప్పుడు వేగం గంటకు 60 కిలోమీటర్లు దాటుతుంది. ఎప్పుడైనా మోకు ఏ మట్ట మొదలుకో తట్టుకుని మనిషి తలకిందులుగా వేలాడిపోయి బతికిన వార్తలూ ఉన్నాయి. అది అదృష్టం. యంత్రం అదృష్టం మీద ఆధారపడకూడదు.

బరువు పడితేనే బిగిసి, బరువు తీస్తే జరిగే పట్టు కావాలి. ఆ పట్టు కొండలెక్కేవాళ్ళ దగ్గర ఎప్పటినుంచో ఉంది. ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో ఒక ముడిని ప్రచారంలోకి తెచ్చాడు. సన్నని తాడు ఉచ్చును లావు తాడు చుట్టూ మూడు మెలికలు వేస్తే, చేత్తో జరిపితే జరుగుతుంది, వేలాడితే కదలదు. ఎద్దు పలుపును గుంజకు రెండు చుట్లు తిప్పి పట్టుకున్న రైతుకు ఇందులోని సూత్రం తెలుసు: ఒక్కో చుట్టుకూ పట్టు కూడుతూ పోదు, హెచ్చిస్తూ పోతుంది. 1958లో స్విట్జర్లాండ్‌లో జూసి, మార్టి అనే ఇద్దరు అదే పనిని పళ్ళున్న లోహపు దవడతో చేయించారు. ఇద్దరి పేర్ల మొదళ్ళు కలిపి దాన్ని జూమార్ అన్నారు. కన్నూరు జిల్లా చెంపేరికి చెందిన ఎం.జె. జోసెఫ్ కొబ్బరి కోసం ఇంకో దారి తొక్కాడు. కాలికొకటి చొప్పున రెండు ఇనుప చట్రాలు, చెట్టు చుట్టూ ఉక్కు తీగ. కాలు మోపితే తీగ బిగుస్తుంది, ఎత్తితే వదులవుతుంది. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో కొబ్బరి ఎక్కేవాళ్ళకు శిక్షణ మొదలుపెట్టాక యువకులూ స్త్రీలూ కూడా యంత్రంతో చెట్లెక్కడం నేర్చుకున్నారు. కొబ్బరి మాను కింది నుంచి పైదాకా ఇంచుమించు ఒకే లావు, కాబట్టి అక్కడ అది కుదిరింది. మొదట్లో లావుగా, కొన్నిచోట్ల మట్టల మోళ్ళతో ఉండే తాటికి అంత సులువుగా కుదరదు.

తాటికి తగిన జవాబు భువనగిరి గుట్ట దగ్గర రాళ్ళెక్కడం నేర్పేవాళ్ళ నుంచి రావడం సహజమే అనిపిస్తుంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, చర్ల మండలం కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చింది ఆ గుట్ట మీదే. వాళ్ళ గురువు శేఖర్ బాబు బృందం గీత కార్మికుల కోసం తాడు, కాలి లూపులు, హ్యాండిల్, క్లిప్పులతో ఒక కిట్టు రూపొందించింది. దానికి గీత కార్మికులు కొలిచే దేవుడి పేరు పెట్టి, కాటమయ్య రక్షక కవచంగా 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో తెలంగాణ ప్రభుత్వం పంపిణీ మొదలుపెట్టింది. పాదం జారినా మనిషిని చెట్టుకే పట్టి ఉంచడం దాని పని.

కిట్టు చేతికందడంతో పని అయిపోదు. గీత కత్తి క్షవరం కత్తంత పదునుగా ఉంటుంది, బరువుతో బిగిసి ఉన్న నైలాన్ తాడుకు ఆ అంచు తగిలితే చాలు. ఎండ కూడా నైలాన్‌ను తినేస్తుంది, తాడు చూడ్డానికి బాగున్నా బలం తగ్గిపోతుంది. పడకుండా ఆగి బెల్టులో కదలకుండా వేలాడిన మనిషికి కాళ్ళలో రక్తం నిలిచిపోయి స్పృహ తప్పే ప్రమాదం ఉంది, త్వరగా దించాలి. కాబట్టి కింద దించడం తెలిసిన ఇంకొకరు కావాలి. శిక్షణలో ఈ మూడింటికీ కిట్టు తొడగడం నేర్పినంత సమయం ఇవ్వాలి.

ఇదంతా తెలంగాణ సంగతి. సరిహద్దులోని చర్ల దాటితే ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ దగ్గరే, అక్కడా చెట్లెక్కేవాళ్ళున్నారు. సుక్మా జిల్లా కోంటా తహసీలులో, దోర్నపాల్ నుంచి జగర్‌గుండకు వెళ్ళే దారి మీద చింతలనార్ ఉంది. దేశానికి ఆ పేరు తెలిసింది 2010 ఏప్రిల్ 6న, దగ్గర్లోని తాడ్మెట్ల అడవిలో మావోయిస్టుల దాడిలో 76 మంది భద్రతా సిబ్బంది మరణించినప్పుడు. ఆ తర్వాత ఆ ఊరి గురించి రాసిందంతా తుపాకుల గురించే. కానీ ఆ ప్రాంతంలో మనుషులు చెట్లూ ఎక్కుతారు. బస్తర్‌లో తాటితో పాటు సల్ఫి కూడా గీస్తారు. మన ఏజెన్సీలో జీలుగు అనేది అదే చెట్టు. కూతురి పెళ్ళికి సల్ఫి చెట్టును అరణంగా ఇచ్చేంత విలువ దానిది. అక్కడ గీత ఒక కులవృత్తి కాదు, ఇంటి పని. సంఘం లేదు, గుర్తింపు కార్డు లేదు. కాబట్టి కిట్టు ఇవ్వడానికి జాబితా కూడా లేదు.

సల్ఫిని చాలాచోట్ల మోకుతో ఎక్కరు. పొడవాటి వెదురును తెచ్చి, కణుపుల దగ్గర కొమ్మలను కాలు పట్టేంత విడిచి నరికి, మానుకు ఆనించి కడతారు. ఒంటి బొంగు నిచ్చెన అది. ఇక్కడ రాపిడి లెక్కే లేదు, బరువంతా మోళ్ళ మీద, కట్ల మీద. పిండిపదార్థం ఎక్కువున్న వెదురును పురుగు తొలిచేస్తుంది, పైకి గట్టిగా కనిపిస్తూనే లోపల పొడవుతుంది. వానకు కట్లు నాని వదులవుతాయి. మోకులో జారేది పాదం, ఇక్కడ విరిగేది మెట్టు. లోపం వేరు కాబట్టి మందూ వేరుగా ఉండాలి. లష్కర్‌గూడలో పంచిన కిట్టునే లారీలో వేసి సుక్మా పంపితే సరిపోదని నేననేది ఇందుకే.

సల్ఫికి ఒక అనుకూలత ఉంది. నిచ్చెన చెట్టుకే నెలల తరబడి ఉండిపోతుంది. దాని పక్కనే మొవ్వ కింద గట్టి మాను దగ్గర కట్టిన తాడు ఒకటి నేలదాకా వేలాడితే, ఎక్కేవాడు నడుం పట్టీకి ప్రూసిక్ ఉచ్చు తగిలించుకుని దాన్ని ఆ తాడు మీద జరుపుకుంటూ పోవచ్చు. మోడు విరిగితే ఉచ్చు బిగుస్తుంది. కావాల్సింది పర్వతారోహణకు పనికొచ్చే తాడు, ఒక బెల్టు, ముడి సరిగా వేయడం నేర్పే మనిషి, ఎండకూ వానకూ పాడయ్యే తాడును వేళకు మార్చే ఏర్పాటు. గోండీ, తెలుగు రెండూ వచ్చినవాళ్ళు కోంటా వైపు కావలసినంత మంది ఉన్నారు, ముడి వేయడం నేర్పగలిగినవాళ్ళు భువనగిరిలో ఉన్నారు. మొదటి తాడు కట్టడానికి ఎక్కే మొదటి మనిషికి మాత్రం ఆ తాడు ఉండదు. అతనికి పాత మోకు, దానికి తోడుగా బరువు పడితే బిగిసే ఇంకో బంధం, రెండూ కావాలి.