కొన్న ఆట ఎవరిది?

మా అన్నయ్య కొడుకు పదో తరగతి మంచి మార్కులతో గట్టెక్కాడు. గట్టెక్కితే ప్లేస్టేషను కొనిపెడతానని అన్నయ్య యేడాది క్రిందటే మాట యిచ్చి వున్నాడు. మాట యిచ్చినంత సులువుగా దుకాణంలో పని జరగలేదు. దుకాణంవాడు రెండు పెట్టెలు తెచ్చి బల్లమీద పెట్టాడట. రెండూ వొకే కంపెనీవి. రెండింటిలోనూ ఆడేవి అవే ఆటలు. తేడా అల్లా, వొకదానికి డిస్కు దూర్చే సందు వుంది, రెండోదానికి లేదు. సందు లేనిది చవక.

"యీ రోజుల్లో డిస్కులు ఎవరు కొంటున్నారండీ! అంతా డౌన్‌లోడే" అన్నాడు దుకాణంవాడు. ఆ మాట అన్నయ్య చెవికి తేనెలా వుంది. పిల్లవాడి మొహం మాత్రం ముడుచుకుపోయింది. "సందు లేకపోతే నేను ఎవరి దగ్గరా ఆట తెచ్చుకోలేను నాన్నా, ఎవరికీ యివ్వనూ లేను" అన్నాడు. "అరువు తెచ్చుకునే ఖర్మ మనకేమిట్రా?" అన్నాడు తండ్రి. మొత్తానికి యిద్దరూ వట్టి చేతులతో యింటికి తిరిగి వచ్చారు.

ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి వదిన పకోడీల పళ్ళెం నా ముందు పెట్టి, "యేమయ్యా, పత్రికలన్నీ తిరగేస్తూ వుంటావుగా, యీ తగవేదో నువ్వే తీర్చు" అన్నది. పకోడీలు తిన్నాను గాని తగవు తీర్చలేకపోయాను. ఆ తర్వాత వారం రోజులు ఆరా తీశాను. యిటువంటి తగవు నడుస్తున్న యిళ్ళు యింకా వుంటాయి గనుక, తేలిన సంగతులు యిక్కడ వ్రాస్తున్నాను.

పదివేల లెక్క

యీ రెండు పెట్టెల గొడవ 2020 నవంబరులో పుట్టింది. సోనీ కంపెనీ తన అయిదో ప్లేస్టేషనును ఆ నెలలో రెండు రకాలుగా విడుదల చేసింది. అమెరికాలో డిస్కు సందు వున్నది 499 డాలర్లు, లేనిది 399. మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న అమ్మకానికి వచ్చినప్పుడు వున్నది 49,990 రూపాయలు, లేనిది 39,990. మైక్రోసాఫ్టువారు కూడా ఆ 2020 నవంబరులోనే 'ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్' అని, అసలు సందే లేని చిన్న యంత్రాన్ని తెచ్చారు.

పదివేలు మిగిలినట్లే కనబడుతుంది. కాని అన్నయ్య లెక్క యంత్రం కొనడంతో ముగుస్తుంది; కొడుకు లెక్క అక్కడ మొదలవుతుంది. కొత్తగా వచ్చిన పెద్ద ఆట 4,999 రూపాయల దాకా వుంటుంది. సెలవులలో అయితే పిల్లలు దాన్ని పది రోజులలో ఆడి అవతల పెడతారు. డిస్కయితే స్నేహితుడి ఆటతో మార్చుకోవచ్చును. పాత డిస్కులు తీసుకునే దుకాణంలో అమ్మవచ్చును. సగం ధరే వచ్చిందనుకున్నా, నాలుగు ఆటలు అమ్మేసరికి ఆ పదివేలూ తిరిగి వచ్చినట్లే. డౌన్‌లోడు చేసిన ఆటను అమ్ముదామంటే అమ్మడానికి చేతిలో వస్తువే లేదు.

డౌన్‌లోడు పక్షాన చెప్పవలసినదీ వుంది. ఆట పాతబడినకొద్దీ కంపెనీలు తగ్గింపు ధరలు పెడతాయి. ఓపిక పట్టగలిగినవారికి వొక్కొక్కప్పుడు పావలా వంతుకే దొరుకుతుంది. గీతలు పడే భయం లేదు. చంటిపిల్ల నోట్లో పెట్టుకునే భయం అసలే లేదు. కాని వొక చిక్కు: సందు లేని యంత్రానికి దుకాణం వొక్కటే. ఆ కంపెనీవారు తెరమీద పెట్టిన దుకాణమే. వీధిలో నాలుగు కొట్లు తిరిగి బేరమాడే అలవాటున్న మనకు యిది యెంత నష్టమో వేరే చెప్పనక్కరలేదు.

యిక దింపుకొనే శ్రమ. యీనాటి పెద్ద ఆటలు నూరు గిగాబైట్లు వుండడం మామూలయింది. సెకనుకు నలభై మెగాబిట్ల ఇంటర్నెట్టు వున్న యింట్లో నూరు గిగాబైట్లు దిగడానికి అయిదున్నర గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోకుండా వుంటే. డిస్కయితే యీ బాధ లేదనుకుంటారు గాని, సగం నిజమే. యిప్పటి యంత్రాలు డిస్కులోనుంచి ఆటను తమ లోపలికి ఎక్కించుకుంటాయి. ఆపైన తప్పుల దిద్దుబాటు అని మరికొంత ఇంటర్నెట్టునుంచి దింపుకుంటాయి. ఆడేటప్పుడు డిస్కు చేసే పని చాలా ఆటలలో తాళంచెవి పని మాత్రమే. ఆ తాళంచెవి మన జేబులో వుండడమా, కంపెనీవారి జేబులో వుండడమా అన్నదే తగవంతా.

పెట్టె చేతులు మారడం

"అరువు తెచ్చుకునే ఖర్మ మనకేమిట్రా" అని మా అన్నయ్య తీసిపారేసిన సంగతి మీదనే 2013లో అమెరికాలో పెద్ద రభస జరిగింది. ఆ యేడు మైక్రోసాఫ్టువారు 'ఎక్స్‌బాక్స్ వన్' అనే కొత్త యంత్రాన్ని తెస్తూ రెండు షరతులు పెట్టారు. యంత్రం యిరవైనాలుగు గంటలకొకసారి ఇంటర్నెట్టులో కంపెనీకి హాజరు పలకాలి. లేకపోతే ఆటలు ఆగిపోతాయి. డిస్కు కొన్నా సరే, దాన్ని మరొకరికి యివ్వడానికీ అమ్మడానికీ హద్దులుంటాయి. ఆటగాళ్ళు భగ్గుమన్నారు.

జూన్ నెలలో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఆటల ప్రదర్శనలో సోనీవారు వేదిక ఎక్కి, మా యంత్రంలో అటువంటి హద్దులేమీ లేవని చెప్పేసరికి హాలంతా చప్పట్లతో మారుమోగిపోయింది. అంతటితో వూరుకోక అరనిమిషమైనా లేని చిన్న సినిమా వొకటి వదిలారు: 'మా యంత్రంలో ఆటను యితరులకు ఇచ్చే విధానం' అని. అందులో సోనీ ఉద్యోగి షుహే యోషిడా ఆట పెట్టెను పక్కనున్న సహోద్యోగి చేతిలో పెడతాడు. ఆయన పుచ్చుకొని థాంక్స్ చెబుతాడు. అంతే సినిమా! జూన్ 19న మైక్రోసాఫ్టువారు తమ షరతులు వెనక్కు తీసుకున్నారు.

ఆ సినిమా తీసి నవ్వించిన సోనీవారే ఏడేళ్ళు తిరిగేసరికి సందు లేని పెట్టె అమ్మడం మొదలుపెట్టారు. బలవంతంగా తీసుకుందామంటే యివ్వని హక్కును, పదివేల తగ్గింపు చూపిస్తే జనం తామే చేతికిచ్చారు. వ్యాపారమంటే అది.

కొనడమంటే ఏమిటి?

డౌన్‌లోడు దుకాణాలలో మనం చెల్లించే డబ్బు ఆట కోసం కాదు, ఆడుకునే అనుమతి కోసం. షరతుల కాగితాలలో మొదటినుంచీ యీ మాట వున్నది, చదివేవారే లేరు. కాలిఫోర్నియా రాష్ట్రంవారు 2024లో చట్టం చేసి, 2025 జనవరి 1నుంచి అమలులో పెట్టారు: అనుమతి మాత్రమే అమ్ముతూ 'కొనండి' అనే మాట వాడదలిస్తే, యిది లైసెన్సు మాత్రమేనని కొనేవాడికి స్పష్టంగా చెప్పి తీరాలి. కంప్యూటరు ఆటలకు పెద్ద దుకాణమైన 'స్టీమ్' అంతకుముందే, 2024 అక్టోబరులో, డబ్బు కట్టే చోట ఆ సంగతి వ్రాసిపెట్టింది.

ఆ స్టీమ్ ఖాతాను మరొకరి పేరుకు మార్చడానికి షరతులు వొప్పుకోవు. మా నాన్నగారు పోయినప్పుడు ఆయన పుస్తకాల బీరువా మేమిద్దరం పంచుకున్నాం. యెవరినీ అడగవలసిన పని లేకపోయింది. వెయ్యి ఆటలు కొన్న తండ్రి తన ఖాతాను వీలునామాలో కొడుక్కి వ్రాద్దామంటే షరతులు అడ్డుతగులుతాయి. అయితే 2024నుంచి ఆరుగురు దాకా వొక కుటుంబంగా చేరి ఆటలు పంచుకునే యేర్పాటు చేశారు, అది మెచ్చుకోదగినదే. జపాను కంపెనీ నింటెండోవారు 2025లో యింకొక వింత పెట్టారు: డౌన్‌లోడు ఆటను కుటుంబంలో వొకరికి రెండు వారాలకు అరువివ్వవచ్చును, గడువు తీరగానే అది తనంత తానే తిరిగి వచ్చేస్తుంది. పక్కింటి పిన్నిగారి గిన్నెలకు కూడా యీ యేర్పాటు వుంటే యెంత బాగుండును!

దుకాణం మూసేస్తే ఏమవుతుంది? అదీ జరిగింది. నింటెండోవారు తమ త్రీడీయెస్, వీయూ యంత్రాల దుకాణాన్ని 2023 మార్చిలో మూసేశారు. అంతకుముందు కొన్నవాటిని మళ్ళీ దింపుకోనిచ్చారు గాని, డౌన్‌లోడుగా మాత్రమే వచ్చిన ఆటలను ఆ యంత్రాలకు కొత్తగా కొనే దారి పోయింది. పాత డిస్కులైతే యెవరి అటకమీదనో దొరుకుతాయి. అమెరికాలో ఆటల చరిత్రను భద్రపరిచే వొక సంస్థ 2023లో లెక్కతీస్తే, 2010కి పూర్వం ఆ దేశంలో వచ్చిన ఆటలలో నూటికి 87 యిప్పుడు బజారులో దొరకడం లేదని తేలింది.

డిస్కు వున్నా దక్కనివి

యిదంతా విని డిస్కే శ్రీరామరక్ష అనుకుంటే పొరపాటు. ఫ్రాన్సు దేశపు యూబీసాఫ్ట్ కంపెనీ 2014 డిసెంబరులో 'ది క్రూ' అనే కారు పందేల ఆట అమ్మింది. అమెరికా అంతా కారులో చుట్టి రావచ్చును. వొంటరిగా ఆడుకున్నా సరే, ఆట కంపెనీవారి సర్వర్లతో మాట్లాడుతూ వుండాలి. 2024 మార్చి 31న ఆ సర్వర్లు ఆపేశారు. ఆనాటినుంచి డౌన్‌లోడు కొన్నవారికీ, పెట్టెలో డిస్కు భద్రంగా దాచుకున్నవారికీ వొకటే గతి: ఆట లేదు. కాలిఫోర్నియాలో దావా పడితే, మేము అమ్మింది అనుమతే కదా అని కంపెనీ వాదించింది.

ఆ కోపంలోనుంచే 'ఆటలను చంపవద్దు' అనే వుద్యమం 2024లో రాస్ స్కాట్ అనే అమెరికనుతో మొదలయింది. సర్వరు మూసినా కొన్నవాడికి ఆట యేదో వొక రూపంలో మిగలాలని వారి కోరిక. ఐరోపా సమాజానికి పెట్టిన అర్జీమీద సంతకాలు 2025 జూలైలో పదిలక్షలు దాటాయి. ఆటల కోసం యిన్ని సంతకాలా అని ముక్కుమీద వేలు వేసుకోవచ్చు గాని, డబ్బు పుచ్చుకుని వస్తువు వెనక్కి లాక్కోవడమన్నది ఆటలతోనే ఆగుతుందని నేననుకోను. సినిమాలూ పుస్తకాలూ యీ దారిలోనే వున్నాయి.

పెట్టె లోపల యేముందో చూసుకోవలసిన రోజులు కూడా వచ్చాయి. 2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2 యంత్రానికి కొన్ని ఆటలు తాళంచెవి కార్డులుగా అమ్ముతున్నారు. కార్డు వుంటుంది, కార్డులో ఆట వుండదు. దాన్ని పెట్టి ఆటను ఇంటర్నెట్టునుంచి దింపుకోవాలి. అరువివ్వవచ్చును, అమ్మవచ్చును, కాని సర్వరు పోయాక కొత్తగా దింపుకోవడానికి వట్టి ప్లాస్టిక్ బిళ్ళ. పెట్టెమీదనే ఆ సంగతి అచ్చువేస్తారు గనుక కొనేముందు చదువుకోవాలి.

కంప్యూటరు మీద ఆడే పిల్లల సంగతి వేరు. అక్కడ డిస్కుల కాలం దాదాపు ముగిసింది. అయితే 2008నుంచి వున్న 'గాగ్' అనే పోలెండు దుకాణం ఆట తాలూకు పూర్తి ఫైలు మన చేతికిస్తుంది. దాచుకుంటే దుకాణం వున్నా లేకపోయినా యెక్కించుకోవచ్చును. డౌన్‌లోడైనా అది మన సొత్తులాగే నిలుస్తుంది.

యీ సంగతులన్నీ పట్టుకుని మళ్ళీ అన్నయ్యగారింటికి వెళ్ళాను. అన్నయ్య అంతా విని, కాసేపు వూరుకుని, లోపలికి వెళ్ళి అటకమీదనుంచి వొక అట్టపెట్టె దింపాడు. చిన్నప్పుడు మేమిద్దరం టీవీకి తగిలించి ఆడిన వీడియో గేమ్ క్యాసెట్లు! అందులో సగం మావి కావు, వీధిలోని పిల్లలవి. మావి వాళ్ళ యిళ్ళలో వుండి వుంటాయి. వాడు వొక క్యాసెట్టు తీసి అటూ యిటూ తిప్పి చూస్తూంటే, "వూదాలిరా, వూది పెడితేగాని ఆడదు" అన్నాడు అన్నయ్య.

మర్నాడు సందు వున్న పెట్టే కొన్నారు. దాంతోపాటు తెచ్చిన మొదటి డిస్కును వాడు నాలుగు రోజులు ఆడి పక్కవీధి స్నేహితుడికిచ్చాడు. మూడు వారాలయింది, యింకా తిరిగి రాలేదట. వెళ్ళి అడిగి తెమ్మని వదిన రోజూ పోరుతోంది.