ఆలోచన యెవరి నడుగవలెను?

జీవితమున మనము చేసికొను నిర్ణయములు రెండు విధములు. దినదినమును చేసికొని మఱచిపోవునవి కొన్ని. ఒక్కమారు చేసినచో ఏండ్ల తరబడి ఫల మనుభవింపవలసినవి కొన్ని. ఈపూట ఏమి వండవలెనను దానికి ఎవరి సలహాయు నక్కఱలేదు. కాని కుమార్తెను దూరదేశమునకు చదువునకు పంపుటయా మానుటయా, భర్తకు బదిలీయైన యూరికి తన యుద్యోగము విడిచి పోవుటయా నిలుచుటయా, భర్త గతించిన పిమ్మట చేతికి వచ్చిన భీమా సొమ్మును ఎక్కడ నుంచుట, పుట్టినింటి యాస్తిలో భాగము కోరుటయా వదలుకొనుటయా — ఇవి రెండవ తెగకు చెందినవి. పూర్వ మిట్టి విషయములను ఇంటి పెద్దలే తేల్చెడివారు. స్త్రీలు విని తల యూచెడివారు. నేడు ఆ భారము గృహిణి భుజములమీదను పడినది. ఇది సంతోషింపదగిన మార్పే. అయినను నిర్ణయించు నధికారము వచ్చినంత వేగముగా నిర్ణయించు నలవాటు రాదు గదా!

కావున సలహా నడుగుట తప్పుగాదు, అవివేకమును గాదు. ఎవరి నడుగవలెను, ఎట్లడుగవలెను, విన్న పిమ్మట ఏమి చేయవలెను అను మూడు విషయములే యిచట విచారింపదగినవి.

మన యిండ్లలో సలహాలకు కఱవు లేదు. అత్తగా రొకటి చెప్పుదురు. అన్నగా రొకటి చెప్పుదురు. ప్రక్కయింటి పిన్నిగారు మఱియొకటి చెప్పుదురు. వీరెవరును మనకు కీడు గోరువారు కారు. కాని మన నిర్ణయమువలన వీరిలో ప్రతివారికిని ఏదో లాభమో నష్టమో కలుగును. కోడ లుద్యోగమునకు పోయినచో వంటయింటి పని యెవరిమీద పడునో అత్తగారు తలపకుండ నుండలేరు. చెల్లెలు భాగము గోరినచో తన వంతు తఱుగునని అన్నగారికి తెలియును. ఆ తలంపు తెలిసియో తెలియకయో వారి మాటలో కలియును. ఇంతేగాక, పదిమంది చేతిలో పాము చావదని సామెత. పదిమంది నడిగినవారికి మొదట నున్న సందేహ మొకటి పది యగును.

ఇతిహాసములలో ఆలోచన చెప్పినవా రిద్దరిని తలచుకొనుడు. మంథర కైకకు శత్రువు గాదు. ఆమె పుట్టినింటినుండి వచ్చిన దాసి. రామునకు పట్టాభిషేకమని వినగానే కైక సంతసించి ఆమెకు నగ బహూకరించెను గూడ. అట్టి మనస్సును మంథర భయముతో త్రిప్పినది. సవతికి వైభవము వచ్చునని, కుమారుడు దాసుడగునని ఒక్క ప్రక్కనే చూపినది. రెండవ ప్రక్కను కైక కంటబడనీయలేదు. విదురుడు వేఱు తెగవాడు. ఉద్యోగపర్వమున ధృతరాష్ట్రుడు నిద్రపట్టక విదురుని పిలిపించి రాత్రియెల్ల ధర్మములు విన్నాడు. విదురునకు తన లాభము లేదు. రాజునకు చేదుగా నుండు మాటయు దాచలేదు. అయినను ఫలమేమి? నీవు చెప్పినది నిజమే యని రాజొప్పుకొనెను. దుర్యోధనుడు దగ్గఱకు రాగానే మనస్సు మరలినది. మంచి హితవరి దొరకుట సగము మాత్రమే. ఊఱట కొఱకు గాక తెలివి కొఱకు అడుగుట రెండవ సగము.

అందువలననే మన నిర్ణయముతో లాభనష్టములు లేని యొకరిని, కుటుంబమునకు వెలుపలనున్నవారిని, సంప్రదించు పద్ధతి యేర్పడినది. ఆస్తి విషయమున న్యాయవాది, సొమ్ము విషయమున ఆర్థిక సలహాదారు, మనస్సు కలతపడినప్పుడు మానసిక సలహాదారు ఇట్టివారు. "పరాయివారికి ఇంటి గుట్టు చెప్పుటయా?" యని కొందఱు సంకోచింతురు. వైద్యునికి రోగము చెప్పుట గుట్టు విప్పుట గాదు. నేరము చేయుటకై చెప్పిన మాట యైననే తప్ప, వృత్తిరీత్యా తనకు చెప్పిన మాటను మన యనుమతి లేక న్యాయవాది బయలుపఱుపరాదని చట్టమే శాసించుచున్నది.

ఇక మంచి సలహాదారు చేయు పని యేమి? దీనికి 1772వ సంవత్సరమున జరిగిన యొక చిన్న చరిత్ర నిదర్శనము. ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ యను మతబోధకుడు, శాస్త్రజ్ఞుడు, లీడ్సు పట్టణమున నుండెను. షెల్బర్న్ ప్రభువు తన కొలువునకు రమ్మని ఆయనను పిలిచెను. పోవుటయా మానుటయా తోచక ఆయన మిత్రుడగు బెంజమిన్ ఫ్రాంక్లినును అడిగెను. ఫ్రాంక్లిను పొమ్మనలేదు, వలదనలేదు. నీ పరిస్థితులన్నియు నా కెఱుక లేవు గనుక ఏమి చేయవలెనో చెప్పజాలను, ఎట్లు తేల్చుకొనవలెనో మాత్రము చెప్పగలనని యుత్తరము వ్రాసెను. కాగితము నడుమ గీత గీచి, ఒక ప్రక్క అనుకూలములను, రెండవ ప్రక్క ప్రతికూలములను వ్రాయవలెను. ఒక్కనాడే గాదు, మూడు నాలుగు దినములు తోచినప్పుడెల్ల వ్రాయుచుండవలెను. పిమ్మట సమానమగు బరువు గలవానిని రెండు ప్రక్కలనుండియు కొట్టివేయవలెను. ఇటునున్న యొక కారణము అటునున్న రెంటికి సమానమైనచో ఆ మూటిని కొట్టివేయవలెను. మిగిలినది చూచి, ఇంకను ఒకటి రెండు దినములు యోచించి, నిర్ణయింపవలెను. ప్రీస్ట్లీ మఱుసటి సంవత్సరము ఆ కొలువునకు పోయెను. పోయినది తన నిర్ణయముచేతనే గాని ఫ్రాంక్లిను మాటచేత గాదు.

ఈ పద్ధతి మన యింటి విషయములలో ఎట్లు పనికివచ్చునో యొక యుదాహరణముతో చూతము. ఒక గృహిణికి తండ్రి గతించెను. వీలునామా లేదు. అన్నగారు హక్కు విడుదల పత్రము వ్రాయించి తెచ్చి, "అమ్మా, ఇచట వ్రాలు చేయుము, నీ పెండ్లికి కట్నమిచ్చితిమి గదా" యనెను. తల్లి ప్రక్కనుండి, "అన్న మనస్సు కష్టపెట్టకుము" అనెను. భర్త మాత్రము వ్రాలు చేయవలదనెను. ఆమెకు రాత్రులు నిద్ర లేదు.

ఇట్టి యామె సలహాదారుకడకు పోయినచో, ఆ సలహాదారు మొదట చేయు పని చిక్కును విడదీయుట. ఇందులో ఒక ప్రశ్న గాదు, నాలుగు ప్రశ్నలున్నవి. నా హక్కేమి? దాని విలువ యెంత? వ్రాలు చేసినను మానినను బంధుత్వ మేమగును? వీరందఱి మాట యటుంచి, నేను కోరున దేమి?

మొదటి ప్రశ్నకు ఉత్తరము ఊహలతో పనిలేనిది. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా లేక గతించిన తండ్రి స్వార్జితమున కుమార్తెకు కుమారునితో సమానమగు భాగము కలదు. 2005వ సంవత్సరపు సవరణచేత ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితమునను కుమార్తెకు పుట్టుకతోనే హక్కు వచ్చినది. ఆ సవరణనాటికి తండ్రి జీవించి యుండవలసిన పనిలేదని 2020వ సంవత్సరమున సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. కట్న మిచ్చుటచేత వారసత్వపు హక్కు పోదు. స్థిరాస్తిపై హక్కు వదలుకొను పత్రము రిజిస్ట్రీ కావలెను. ఒకమారు అట్లైన పిమ్మట దానిని రద్దుచేయించుట న్యాయస్థానముల చుట్టు తిరుగు పని. రెండవ ప్రశ్నకు ఆస్తి పత్రములు, అప్పుల లెక్కలు చూచినచో ఉత్తరము దొరకును.

మూడవ, నాలుగవ ప్రశ్నలకు ఉత్తరము సలహాదారువద్ద లేదు, ఆమెవద్దనే యున్నది. సలహాదారు అడుగుచు పోవును. ఆమె చెప్పుచు పోవును. అన్నగారు నిజముగా కష్టములో నున్నారా? భాగము తీసికొని పిమ్మట కొంత విడుచుట వీలగునా? తల్లి పోషణ యెవరిది? ఇప్పుడు వ్రాలు చేసినచో పదియేండ్లకు తన బిడ్డల యెదుట పశ్చాత్తాపపడునా? భర్త వలదనుటలో ఆమె హిత మెంత, ఆయన కోరిక యెంత? ఇట్లు చెప్పుకొనుచుండగా ఆమె మనస్సున నున్నది ఆమెకే వినబడును. తుదకు హక్కు తెలిసి, విలువ తెలిసి, సంతోషముతో అన్నకు విడిచిపెట్టినను అది ఆమె నిర్ణయమే. భాగము కోరినను అది ఆమె నిర్ణయమే. తెలియక వ్రాలు చేసినచో మాత్రము అది పరుల నిర్ణయమగును.

ఇట్టి సలహాకు ధనవంతులే తగుదురనుకొనరాదు. 1987వ సంవత్సరపు న్యాయసేవల చట్టము ప్రకారము ఆదాయముతో నిమిత్తము లేకుండ స్త్రీల కందఱకును ఉచిత న్యాయసహాయము పొందు హక్కు కలదు. జిల్లా న్యాయస్థానపు టావరణలో నుండు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోయి అడుగవచ్చును. 15100 సంఖ్యకు ఫోను చేసియు అడుగవచ్చును. మనస్సు క్రుంగినవారికి 2022వ సంవత్సరమున ప్రారంభమైన టెలీమానస్ సేవ 14416 సంఖ్యలో తెలుగునను లభించును. సొమ్ము విషయమున ఒక భేదము గుర్తింపవలెను. పథకములు అమ్మువారికి ప్రతిఫలము కంపెనీ యిచ్చును. సెబీవద్ద నమోదైన పెట్టుబడి సలహాదారు మనవద్ద రుసుము తీసికొనును. ఊరక చెప్పువా రందఱును ఉచితముగా చెప్పువారు గారు. "ఈ సలహావలన మీకు వచ్చున దేమి?" యని యడుగుట మర్యాదకు భంగము గాదు.

సలహాదారుకడకు పోవునప్పుడు ప్రశ్నను ఒక్క వాక్యముగా వ్రాసికొని పొండు. పత్రములను వెంట గొనిపొండు. మీకు ప్రతికూలమైన సంగతులను దాచకుడు. "నేడే తేల్చవలెను" అని తొందరపెట్టువారిని, "ఎవరికిని చెప్పకుము" అని కట్టడి చేయువారిని, తప్పక జరుగునని వాగ్దానము చేయువారిని, మాటిమాటికి తమకడకే రావలెనని కోరువారిని విడిచిపెట్టుడు. మంచి సలహాదారు తన యవసరము క్రమముగా తగ్గునట్లు చేయును.

ఇందొక మినహాయింపు కలదు. ఇంట దెబ్బలు, ప్రాణభయము ఉన్నచోట అనుకూల ప్రతికూలములు వ్రాసికొనుచు కూర్చుండరాదు. మొదట క్షేమముగా నుండుచోటికి చేరవలెను. అట్టి సమయమున 181 సంఖ్యకు ఫోను చేసినచో సహాయము లభించును. తక్కిన ఆలోచన తరువాత.

నిర్ణయము చేసిన పిమ్మట దానిని, కారణములను, తేదీని ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. పరిస్థితి మారి నిర్ణయము మార్చుకొనవలసి వచ్చినప్పుడు అది మీకే దారి చూపును; మార్పు లేనప్పుడు ఇతరుల మాటలకు మనస్సు చలింపకుండ కాపాడును.

సోదరీమణులారా! దీపము పట్టువా రొకరు కావచ్చును. నడువవలసిన కాళ్లు మనవి. దీపము పట్టుమని యడుగుటకు సిగ్గుపడవలదు. అయితే ఏ త్రోవను పోవలెనో నిర్ణయించు హక్కును మాత్రము ఆ దీపము పట్టినవారికి అప్పగింపకుడు.