కుక్కకు మూర్ఛ వస్తే

పిల్లలూ, మీ ఇంట్లో కుక్క వున్నదా? ఇంట్లో లేకపోయినా మీ వీధిలో ఒకటో రెండో వుండనే వుంటాయి. అందుచేత ఈ సంగతి మీరందరూ తెలుసుకోతగినదే.

ఆరోగ్యంగా తిరుగుతున్న కుక్క ఒక్కొక్కప్పుడు వున్నట్టుండి పక్కకు ఒరిగి పడిపోతుంది. దాని కాళ్ళు కర్రల్లాగా బిగుసుకుంటాయి. తరవాత అది పడుకున్నచోటనే ఈత కొడుతున్నట్టు కాళ్ళు ఆడిస్తుంది. దవడలు టకటకలాడతాయి, నోట నురుగు వస్తుంది, తెలియకుండానే మూత్రం పోతుంది. పేరు పెట్టి పిలిచినా దానికి వినపడదు. 1, 2 నిమిషాలలో అంతా సర్దుకుంటుంది. దీన్నే మూర్ఛ అంటారు; ఫిట్సు అనికూడా అంటారు.

చూసేవాళ్ళకు ఆ 2 నిమిషాలూ 2 గంటల్లాగా వుంటాయి. అందరూ తలొక మాటా అంటారు. “గాలి సోకింది,” అంటారొకరు. “పిచ్చెక్కింది, కర్ర తీసుకు రండి!” అంటారు మరొకరు. ఇంకొకరు తాళంచెవుల గుత్తి తెచ్చి కాళ్ళ మధ్య పెడతారు. ఇనుము తగిలితే మూర్ఛ పోతుందని చాలామందికి నమ్మకం. అయితే మూర్ఛ సాధారణంగా తనంతట తానే 1, 2 నిమిషాలలో పోతుంది. తాళంచెవులు పెట్టినా పోతుంది, పెట్టకపోయినా పోతుంది. పేరు మాత్రం తాళంచెవులకు వస్తుంది! విశాఖపట్నంలో ఇనుముకు కరువు లేదు. 1992 ఆగస్టు 1న జాతికి అంకితం చేసిన ఉక్కు కర్మాగారం అక్కడే వున్నది. ఆ కర్మాగారంలోని ఇనుమంతా తెచ్చి పోసినా మూర్ఛ ఒక్క క్షణం ముందుగా ఆగదు.

మరి మూర్ఛ ఎందుకు వస్తుంది? మెదడులో కోట్లకొద్దీ కణాలు వున్నాయి. అవి చాలా స్వల్పమైన విద్యుత్తు సహాయంతో ఒకదాని కబురు ఇంకొకదానికి అందిస్తాయి. ఈ సంగతి చాలాకాలం ఎవరికీ తెలియదు. ఇంగ్లండులో లివర్‌పూల్ అని విశాఖవంటి రేవుపట్నం వున్నది. అక్కడ రిచర్డ్ కేటన్ అనే వైద్యుడు 1875లో కుందేళ్ళ మెదడులోనూ, కోతుల మెదడులోనూ విద్యుత్తు ప్రసరించటం కనిపెట్టాడు. 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ మనిషి మెదడులోని విద్యుత్తును మొట్టమొదటిసారిగా గీతలుగా గీయించాడు.

విశాఖలో పూర్ణా మార్కెట్టు చూశారా? అక్కడ ఎవరి బేరం వాళ్ళు చేస్తూవుంటే పని సజావుగా సాగిపోతుంది. అందరూ ఒకేసారి ఒకే కేక వేశారనుకోండి. ఎవరి మాటా ఎవరికీ వినపడదు, పని నిలిచిపోతుంది. మూర్ఛలో జరిగేది ఇదే. మెదడు కణాలు ఒక్కుమ్మడిగా విద్యుత్తును వెదజల్లుతాయి. అప్పుడు కాళ్ళూ దవడలూ కుక్క చెప్పినట్టు వినవు. ఆ సమయంలో దానికి స్పృహ వుండదు కనక, అది కావాలని ఏమీ చేయటంలేదని మనం గుర్తుంచుకోవాలి.

మనుషులకూ ఈ జబ్బు వస్తుంది. చరకసంహితలో దీనికి అపస్మారం అని పేరు. నటరాజ విగ్రహంలో స్వామి పాదం కింద అణగివున్న మరుగుజ్జును మీరు చూసే వుంటారు. వాడి పేరు కూడా అపస్మారుడే. అంటే ఎంతో కాలంగా మనుషులు దీనికి భయపడుతూనే వున్నారన్నమాట.

“పిచ్చెక్కింది” అన్న మాట మాత్రం తేలికగా తీసివేయరాదు. పిచ్చికుక్క వ్యాధికి రేబీస్ అని పేరు. అది ప్రాణాంతకం. మామూలు మూర్ఛ వచ్చిన కుక్క, మూర్ఛ పోయాక మళ్ళీ ఎప్పటిలాగానే తింటుంది, తాగుతుంది, మనల్ని గుర్తుపడుతుంది. రేబీస్ వచ్చిన కుక్క అట్లా కోలుకోదు. రోజురోజుకూ దాని స్థితి చెడిపోతుంది. అరుపు మారుతుంది, దవడ వేలాడుతుంది, మింగలేక చొంగ కారుస్తుంది. లక్షణాలు కనిపించిన తరవాత సుమారు 10 రోజుల లోపల చచ్చిపోతుంది. కాని రేబీస్‌లో కూడా మూర్ఛలు రావచ్చు. అందుచేత ఇది ఏది అనేది తేల్చవలసినవాడు పశువైద్యుడే. మీరు కాదు, కర్ర పట్టుకున్న పెద్దమనిషీ కాదు. టీకాలు వేయించని కుక్క గాని, ముక్కూ మొహం తెలియని కుక్క గాని మూర్ఛపోతే దగ్గరికి పోకండి, దాని చొంగ తాకకండి. ఏ కుక్క అయినా కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పోయి టీకా వేయించుకోవాలి.

ఇక మీ ఇంటి కుక్కకే మూర్ఛ వచ్చిందనుకోండి. మొదట చేయవలసిన పని ఏమిటో తెలుసా? గడియారం చూడటం! మూర్ఛ ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో తెలియాలి. భయంలో మన అంచనా ఎప్పుడూ తప్పుతుంది. తరవాత దాని చుట్టూ వున్న కుర్చీలూ బల్లలూ జరపండి. మెట్లమీదనుంచి దొర్లిపోకుండా దిండు అడ్డం పెట్టండి. దీపం తగ్గించి, రేడియో, టీవీ ఆపి, పంకా వేయండి. ఎందుకంటే మూర్ఛలో కండరాలు విపరీతంగా పనిచేసి ఒళ్ళు వేడెక్కుతుంది. విశాఖలో మే నెల ఉక్కలో అది మరీ ప్రమాదం.

చేయకూడనివి మూడు వున్నాయి. నోట్లో చెయ్యి గాని, చెంచా గాని పెట్టరాదు. కుక్క తన నాలుక తాను మింగదు. కాని స్పృహ లేకుండానే మీ వేలు కొరుకుతుంది. నోట్లో నీళ్ళు పోయరాదు. అవి ఊపిరితిత్తులలోకి పోతాయి. కాళ్ళు అదిమి పట్టుకోరాదు.

మూర్ఛ 5 నిమిషాలు దాటినా, ఒకే రోజులో రెండోసారి వచ్చినా, మధ్యలో తెలివి రాకుండానే మళ్ళీ వచ్చినా, ఇక ఆగటానికి లేదు. అది రాత్రి అయినా సరే, పెద్దవాళ్ళు కుక్కను దుప్పటిలో మోసుకుని వెంటనే పశువైద్యుడి దగ్గరికి పోవాలి. మూర్ఛ ఆగాక కుక్క కొంతసేపు గోడలకు కొట్టుకుంటూ తిరుగుతుంది, కళ్ళు కనపడనట్టుంటుంది, ఆకలి అంటుంది. ఇది కొన్ని నిమిషాలు వుండవచ్చు, కొన్ని గంటలు వుండవచ్చు. అప్పుడు మీద పడి ముద్దు చేయకండి. నెమ్మదిగా పేరు పిలుస్తూ దూరంగా కూర్చోండి.

ఇక్కడ ఒక చిక్కు వున్నది. మూర్ఛ చూడగానే మీరు బయలుదేరినా, ఆటో ఆస్పత్రి చేరేసరికి కుక్క లేచి తోక ఆడిస్తూ వుంటుంది! డాక్టరు చూడవలసిన రెండు నిమిషాలూ ఇంట్లోనే అయిపోయినాయి. కుక్క తనకేం జరిగిందో చెప్పలేదు. కనక చూసినవాళ్ళు చెప్పిందే డాక్టరుకు ఆధారం.

1933లో విశాఖ రేవులోకి “జలదుర్గ” అనే ఓడ వచ్చింది. కొత్త రేవులోకి వచ్చిన మొదటి ఓడ అదే. ఆనాటి ఓడ అయినా, ఈనాటి ఓడ అయినా, ప్రతి ఓడలోనూ లాగ్‌బుక్ అని ఒక పుస్తకం వుంటుంది. గాలి ఎటు వీచిందీ, ఓడ ఎక్కడ వున్నదీ, ఏ గంటకు ఏం జరిగిందీ అందులో రాస్తారు. గుర్తుంటుందిలే అని ఎవరూ వదిలిపెట్టరు. మూర్ఛ వచ్చే కుక్కకు కూడా అటువంటి పుస్తకం కావాలి. అందులో తేదీ, వేళ, ఎంతసేపు వున్నదీ రాయాలి. ముందుగా కుక్క కంగారుపడిందా, దాక్కున్నదా? ఒళ్ళంతా కొట్టుకున్నదా, ఒక కాలేనా? ఆ పూట ఏం తిన్నది? తేరుకోవటానికి ఎంతసేపు పట్టింది? ఇంట్లో పెద్దవాళ్ళు ఫోనులో బొమ్మ తీసి చూపిస్తే మరీ మంచిది.

ఇంత వివరం ఎందుకంటే మూర్ఛకు కారణం ఒకటి కాదు. టీకాలు వేయించని చిన్న పిల్లలకు డిస్టెంపర్ అనే వ్యాధివల్ల వస్తుంది. తిండి చాలని పసికూనలకు రక్తంలో చక్కెర తగ్గి వస్తుంది. పాలిచ్చే తల్లికి సున్నపు ధాతువు, అంటే కాల్షియం, తగ్గి ఒళ్ళు కొట్టుకుంటుంది. ఎలుకల మందు గాని, మొక్కలకు చల్లిన పురుగుల మందు గాని నాకితే వస్తుంది. ఎండదెబ్బవల్లా, బండి తగిలి తలకు దెబ్బ తగలటంవల్లా వస్తుంది. డాక్టరు పరీక్షలు చేసి వీటిలో ఏదో తెలుసుకుంటాడు. ఇవేవీ కాక, 6 నెలలకూ 6 ఏళ్ళకూ మధ్య వయసులో మూర్ఛలు మొదలైతే, అది చాలావరకు పుట్టుకతో వచ్చిన గుణమే. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, బీగిల్ జాతులలో ఇది ఎక్కువ.

ఒకే ఒక్క చిన్న మూర్ఛ వస్తే డాక్టరు మందు మొదలుపెట్టకపోవచ్చు. 6 నెలలలో రెండు మూర్ఛలు గాని, అంతకు మించి గాని వస్తే సాధారణంగా మొదలుపెడతాడు. ఆ లెక్క చెప్పేది మీ పుస్తకమే!

మందులు కూడా జాగ్రత్తగా చూడటంవల్లనే దొరికాయి. 1857లో లండనులో చార్లెస్ లోకాక్ అనే వైద్యుడు పొటాసియం బ్రోమైడుతో మనుషుల మూర్ఛలు తగ్గుతాయన్నాడు. 1912లో జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ హౌప్ట్‌మన్ అనే యువ వైద్యుడు, రోగులకు నిద్ర పట్టటానికని ఫినోబార్బిటాల్ అనే మందు ఇచ్చాడు. నిద్రతోపాటు వాళ్ళకు మూర్ఛలుకూడా తగ్గటం అతను గమనించాడు. నూరేళ్ళు దాటినా ఈ రెండు మందులూ కుక్కల వైద్యంలో ఈనాటికీ వాడుకలో వున్నాయి, కొత్తవీ వచ్చాయి.

ఫినోబార్బిటాల్ మాత్రను సాధారణంగా 12 గంటలకు ఒకసారి ఇస్తారు. మొదటి రోజులలో కుక్క మత్తుగా వుంటుంది, ఆకలీ దాహమూ పెరుగుతాయి. రక్తంలో మందు ఎంత వున్నదీ, కాలేయం ఎట్లా వున్నదీ అప్పుడప్పుడు పరీక్ష చేయించాలి. “మూడు నెలలనుంచి మూర్ఛ రాలేదు గదా,” అని మందు హఠాత్తుగా ఆపటం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. అప్పుడు మూర్ఛ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మనుషుల మాత్రలు మన ఇష్టప్రకారం ఇవ్వటం కూడా తప్పే. మందు వేసినంతమాత్రాన అన్ని కుక్కలకూ మూర్ఛలు పూర్తిగా పోవు. కాని చాలావాటికి బాగా తగ్గుతాయి, అవి ఏళ్ళతరబడి హాయిగా బతుకుతాయి.

వైద్యానికి ప్రభుత్వ పశువైద్యశాలలు వున్నాయి, ప్రైవేటు వైద్యులూ వున్నారు. వీధికుక్కల కోసం విశాఖలో 1996నుంచి జంతు సంరక్షణ సంఘం ఒకటి పనిచేస్తున్నది. కర్ర తీసేవాళ్ళకు మరో మాట చెప్పండి: జంతువులను హింసించటం 1960 నాటి చట్టప్రకారం మన దేశంలో నేరం. ఆ చట్టం కోసం రాజ్యసభలో పట్టుపట్టిన ఆవిడ ఎవరో తెలుసా? ప్రఖ్యాత నర్తకి రుక్మిణీదేవి అరండేల్.

మీ కుక్కకు మూర్ఛ ఎన్నడూ రాకపోవచ్చు. అయినా ఈవేళే ఒక నోటుబుక్కు తీసి, మొదటి పేజీలో దాని వయసూ, బరువూ, టీకాలు వేయించిన తేదీలూ రాయండి. ఆ కిందనే మీ పశువైద్యుడి ఫోను నంబరూ, రాత్రిపూట తెరిచివుండే ఆస్పత్రి ఏదో అమ్మానాన్నలను అడిగి రాయండి. ఆ పుస్తకాన్ని గడియారం దగ్గరే పెట్టండి.