మిస్డ్ కాల్‌లో ఇంటర్వ్యూ ఉంది... చదివారా?

*వాయిస్ మెసేజ్‌ను అక్షరాల్లోకి మార్చే సౌకర్యం ఉద్యోగార్థులకు మంచి తోడు. కానీ గుడ్డిగా నమ్మితే మాత్రం చిక్కే!*

తుక్కుగూడ చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డారు. పైన విమానం కిందికి దిగుతోంది. పక్కన శ్రీశైలం రోడ్డు మీద లారీల హోరు. జేబులో ఫోన్ మోగింది, మీకు వినపడలేదు. తీసి చూసేసరికి తెలియని ల్యాండ్‌లైన్ నంబరు నుంచి మిస్డ్ కాల్. తిరిగి చేస్తే రిసెప్షన్‌లో ఎవరో ఎత్తారు. ‘ఎవరు చేశారో తెలీదండీ, ఆఫీసు మొత్తానికీ ఇదే నంబరు’ అన్నారు. అంతే, కాల్ కట్!

ఆ కాల్ రేపటి ఇంటర్వ్యూ గురించైతే? శంషాబాద్, తుక్కుగూడ, రావిర్యాల, ఆదిభట్ల చుట్టూ ఉద్యోగాల కోసం తిరిగే ఎవరికైనా ఈ గుబులు తెలిసిందే. అవతలి వ్యక్తి రెండు మాటలు రికార్డు చేసి పెట్టి, అవి మీ ఫోన్‌లో అక్షరాలుగా కనిపిస్తే? బస్సులో ఉన్నా, క్లాసులో ఉన్నా ఒక్క చూపుతో విషయం తెలిసిపోతుంది.

ఎక్కడ మొదలైంది?

అమెరికాలో రిక్రూటర్లు వాయిస్ మెయిల్ వదలడం మామూలు విషయం. ఆ సందేశాలను రాతలోకి మార్చే సదుపాయంతో గూగుల్ వాయిస్ 2009లోనే వచ్చింది. 2023లో ఐఓఎస్ 17తో ఆపిల్ మరో అడుగు వేసింది. అవతలివాళ్లు సందేశం చెబుతుండగానే అది తెరపై కనిపించే ఏర్పాటు తెచ్చింది. పై చదువులకు అక్కడికి వెళ్లాలనుకునేవాళ్లు ఈ అలవాటును ఇప్పుడే చేసుకోవడం మంచిది. అక్కడ మెయిల్‌బాక్స్ నిండిపోయి ఉంటే సందేశం వదిలే వీలే ఉండదు.

మన దగ్గర కథ వేరు. మనది మిస్డ్ కాల్ సంస్కృతి. వాయిస్ మెయిల్ కంటే వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లే ఎక్కువ. వాటిని రాతలోకి మార్చే సౌకర్యాన్ని వాట్సాప్ 2024 నవంబరులో ప్రకటించింది. మొదట కొన్ని భాషలకే ఇచ్చింది. సెట్టింగ్స్‌లో చాట్స్ విభాగంలోకి వెళ్లి, మీ ఫోన్‌కు ఏయే భాషలు అందుతున్నాయో చూసుకోండి. ఇంగ్లిష్ ఎంచుకుని తెలుగు సందేశాన్ని మార్చమంటే పని జరగదు.

2025 డిసెంబరులో ట్రూకాలర్ మన దేశంలోని ఆండ్రాయిడ్ వినియోగదారులకు ఉచిత వాయిస్ మెయిల్ తెచ్చింది. 12 భారతీయ భాషల్లో సందేశాన్ని రాతగా మారుస్తుందని ప్రకటించింది. అందులో తెలుగు కూడా ఉంది.

తప్పు ఎక్కడ దొర్లుతుంది?

యంత్రం మాటను అర్థం చేసుకుని రాయదు. విన్న ధ్వనికి దగ్గరగా ఉన్న పదాన్ని ఊహించి రాస్తుంది. అందుకే మీ కొంప ముంచే తప్పులు చిన్నవాటిలోనే ఉంటాయి.

• క్రియ చివర: తెలుగులో అవును, కాదు అనేది మాట తోకలో ఉంటుంది. ‘రావచ్చు’, ‘రావద్దు’... తేడా ఒక్క అక్షరమే! హోరులో ఆ తోక తెగితే అర్థం తలకిందులవుతుంది.

• సమయం: ‘పావు తక్కువ పది’ అంటే 9.45. ‘పదింపావు’ అంటే 10.15. ఇందులో ‘తక్కువ’ అనే మాట ఎగిరిపోతే మీరు అరగంట ఆలస్యం!

• ఊరి పేర్లు, నంబర్లు: ఔటర్ రింగ్ రోడ్డుపై 13వ ఎగ్జిట్ రావిర్యాల, 14వది తుక్కుగూడ. ‘థర్టీన్’, ‘ఫోర్టీన్’ల మధ్య యంత్రం తడబడితే మీరు వేరే ఎగ్జిట్ దగ్గర దిగి ఆటో వెతుక్కోవాల్సిందే. కొంగరకలాన్ లాంటి పేరైతే రెండు మూడు ముక్కలై, గుర్తుపట్టలేని రూపంలో రావచ్చు.

• కలగాపులగం భాష: ‘రేపు మార్నింగ్ ఒరిజినల్స్ పట్టుకుని రిపోర్ట్ చేయండి’ లాంటి వాక్యంలో రెండు భాషలున్నాయి. మనం మాట్లాడేది ఇలాగే. యంత్రానికి కష్టమయ్యేదీ ఇక్కడే.

పరిస్థితి మెల్లగా మెరుగుపడుతోంది. యంత్రాలకు మన యాసలు నేర్పాలంటే రకరకాల గొంతులు కావాలి. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ ప్రజల నుంచి పెద్దయెత్తున తెలుగు మాటలను సేకరించింది కూడా అందుకే. భాషా సాంకేతికత మీద ఆసక్తి ఉన్నవాళ్లు దీన్నొక కెరియర్ దారిగానూ చూడొచ్చు.

చదవండి, వినండి, ఖరారు చేసుకోండి

మరి ఏం చేయాలి? మూడే మెట్లు.

1. చదవండి. ఎవరు, ఏ విషయం, ఎంత తొందర అన్నది రాత చూసి తెలుసుకోండి. అంతవరకే దాన్ని నమ్మండి.

2. వినండి. నిశ్శబ్దంగా ఉన్నచోట ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అసలు సందేశం రెండుసార్లు వినండి. తేదీ, సమయం, చోటు, వ్యక్తి పేరు, తీసుకెళ్లాల్సిన పత్రాలు... ఈ ఐదూ కాగితం మీద మీ చేత్తో రాసుకోండి.

3. ఖరారు చేసుకోండి. చిన్న సందేశం పంపండి. ఉదాహరణకు: ‘నమస్కారం మేడమ్. మీ వాయిస్ మెసేజ్ అందింది. రేపు బుధవారం ఉదయం 9.45కి తుక్కుగూడ ఆఫీసులో ఇంటర్వ్యూ అని అర్థమైంది. ఒరిజినల్ సర్టిఫికెట్లతో వస్తాను. వివరాలు సరైనవేనా తెలియజేయగలరు.’

ఇలా అడిగితే చిన్నతనం అనుకోవద్దు. పని పద్ధతిగా చేసే మనిషి అన్న అభిప్రాయం ఇంటర్వ్యూకి ముందే పడుతుంది.

మీ గొంతూ అక్షరమవుతుంది

మీరు వదిలే సందేశాన్ని అవతలివాళ్లూ చదువుతుండొచ్చు. కాబట్టి 30 సెకన్లలో ముగించండి. మొదట మీ పేరు, ఏ ఉద్యోగానికి దరఖాస్తు చేశారో చెప్పండి. ఫోన్ నంబరును ఒక్కో అంకెగా, మెల్లగా, రెండుసార్లు పలకండి. ‘డబుల్ నైన్’ అనకుండా ‘తొమ్మిది, తొమ్మిది’ అనండి. లారీల పక్కన కాకుండా గోడ చాటుకో, గదిలోకో వెళ్లి మాట్లాడండి. ‘హలో, అదే సార్, నిన్న మాట్లాడాను కదా...’ అని మొదలుపెడితే మీరెవరో ఆ గొంతు విన్నా తెలియదు, రాత చదివినా తెలియదు.

మోసమైతే... అదే సాక్ష్యం

ఎయిర్‌పోర్ట్ ఉద్యోగాల పేరుతో మోసాలు కొత్తవేం కాదు. ‘గ్రౌండ్ స్టాఫ్‌గా సెలెక్టయ్యారు, యూనిఫామ్ కోసం డిపాజిట్ కట్టండి’ అని వాయిస్ మెసేజ్ వస్తే ఆగండి. ఉద్యోగం ఇచ్చేవాళ్లు మీకు జీతం ఇవ్వాలి గానీ మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. సంస్థ అధికారిక వెబ్‌సైట్‌లోని నంబరుకు మీరే ఫోన్ చేసి అడగండి. రాతలో ‘డిపాజిట్’, ‘ఓటీపీ’, ‘ఫీజు’ లాంటి మాటలు కంటికి చటుక్కున కనిపిస్తాయి. అనుమానం రావడానికి ఇదొక మేలు. ఒకవేళ డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆడియోనూ, రాతనూ చెరిపేయకుండా ఉంచండి. ఫిర్యాదుకు పనికొస్తాయి.

గోప్యత మరవొద్దు

మీ సందేశం ఎక్కడ రాతగా మారుతోంది? ఫోన్‌లోనేనా, ఎక్కడో సర్వర్‌లోనా? వాట్సాప్ ఈ పని ఫోన్‌లోనే జరుగుతుందని చెబుతోంది. అన్ని యాప్‌లూ అలా కావు. బ్రిటన్‌కు చెందిన స్పిన్‌వాక్స్ ఒకప్పుడు వాయిస్ మెయిళ్లను రాతగా మార్చిన సంస్థ. చాలా సందేశాలను యంత్రం కాదు, విదేశీ కాల్ సెంటర్లలోని మనుషులే విని టైపు చేస్తున్నారని 2009లో బీబీసీ బయటపెట్టింది. కొత్త యాప్‌కు అనుమతులు ఇచ్చేముందు దాని ప్రైవసీ వివరాలు చదవండి. ఆధార్, బ్యాంకు వివరాలు వాయిస్ మెసేజ్‌లో ఎవరికీ చెప్పకండి.

సెమిస్టర్ల కష్టం, కోచింగ్ ఖర్చు, ఇంట్లోవాళ్ల ఎదురుచూపు... ఇంత దూరం వచ్చాక ఒక్క అక్షరం తప్పు పడి ఇంటర్వ్యూ పోవడం న్యాయం కాదు. రాత చూసి త్వరపడండి, గొంతు విన్నాకే బయల్దేరండి. ఇవాళే ఓ పని చేయండి. స్నేహితుడి చేత మీకో వాయిస్ మెసేజ్ పెట్టించుకుని, మీ ఫోన్ ‘తుక్కుగూడ’ను ఏమని రాస్తుందో చూడండి. దాన్ని ఎంతవరకు నమ్మాలో మీకే తెలుస్తుంది.